పట్టాల్లేని రైలుకట్ట మీద నాన్న డ్యూటీ

అందరికీ నమస్కారం. మా తెనాలి పెద్దమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న. "మీ నాన్న అక్కడ పొద్దస్తమానం ఏం చేస్తాడే? గోడలు చూస్తూ కూర్చుంటాడా?" పెద్దమ్మా, ఈ వీడియో నీ కోసమే. మధ్యలో ఆపేసి సీరియల్ పెట్టుకోకు.

ఇవాళ అమెరికాలో, వర్జీనియాలోని మా యాష్‌బర్న్ నుంచి లీస్‌బర్గ్ దాకా నడిచి, అక్కడే లంచ్ చేసి క్యాబ్‌లో వెనక్కి రావాలని ప్లాన్. పది కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఈ దారి పేరు డబ్ల్యూ అండ్ ఓడీ ట్రైల్. ఒకప్పుడు వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమీనియన్ రైళ్లు తిరిగిన లైను ఇది. 1860లోనే లీస్‌బర్గ్‌కి రైలొచ్చింది. 1951లో ప్యాసింజర్లు ఆపేశారు, 1968లో గూడ్సులు కూడా పోయాయి. పట్టాలు పీకేసి, తర్వాత ఆ కట్ట మీద తారు పరిచి నడిచేవాళ్లకీ సైకిళ్లకీ ఇచ్చేశారు. వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్టన్‌లో మొదలై పర్సెల్‌విల్ దాకా 45 మైళ్లు, అంటే 72 కిలోమీటర్లు. అటూ ఇటూ చెట్లూ గట్లూ కలిపి మొత్తం స్థలం వెడల్పు మాత్రం వంద అడుగులే. టికెట్ లేదు, గేటు లేదు.

నాన్న రేపల్లె లైన్లో కీమ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. స్పానరూ సుత్తీ పట్టుకుని రోజూ పట్టాల వెంట నడవడమే ఆయన ఉద్యోగం. ఇక్కడేమో మేమిద్దరం ఆఫీసులకీ, పిల్లలు స్కూలుకీ వెళ్లిపోతే సాయంత్రం దాకా ఇంట్లో ఒక్కరే. కారు లేకపోతే ఈ దేశంలో పాలు కూడా తెచ్చుకోలేం. ఆయనకి డ్రైవింగ్ రాదు. వచ్చిన కొత్తలో రోజూ మధ్యాహ్నం నాకు ఆఫీసుకి ఫోన్ చేసి "ఏం లేదమ్మా, ఊరికే" అని పెట్టేసేవారు. ఈ ట్రైల్ మా సందు చివరే ఉందని చూపించాక ఆ ఫోన్లు తగ్గాయి.

కాళ్లకి ఉన్నవి చూడండి. అరవై ఐదు డాలర్ల బూట్లు. మన లెక్కలో ఐదున్నర వేల పైమాటే. రేటు చూసి షాపులోనే వద్దని గొడవ. "హవాయి చెప్పులతో సర్వీసంతా నడిచాను, ఇప్పుడు ఇవెందుకు?" అని. పడితే ఇక్కడి హాస్పిటల్ బిల్లెంతో చెప్పాను. అప్పుడు నోరు మెదపకుండా తొడుక్కున్నారు.

నాతో నడుస్తున్నారన్న మాటే గానీ చూపంతా కింద, పక్కల మీదే. ఇంత దూరం వచ్చినా ఆయాసం రాకపోవడానికి కారణం ఆయనే చెప్పారు. రైలు నిట్టనిలువు ఎక్కలేదు కాబట్టి మిట్ట వచ్చిన చోట తవ్వి, పల్లం వచ్చిన చోట మట్టి పోసి మట్టం చేస్తారట. మలుపులు కూడా విశాలంగా తిప్పుతారట. ఒకచోట కట్ట దిగి, కింద తూము ముందు గొంతుక్కూర్చుని, రాతి అంచు మీద చెయ్యి ఆనించి అటూ ఇటూ తడిమి చూశారు. "నీళ్లు బాగానే పోతున్నాయి" అని లేచారు. ఇక్కడ ఎవరికి రిపోర్టు ఇస్తారో మరి!

ఆయనకి అంతుపట్టనిది ఇంకొకటి. "యాభై ఏళ్ల పైన రైలు లేకపోతే ఎవరూ ఆక్రమించలేదా? ఒక బడ్డీ కొట్టు కూడా లేదే!" తలెత్తి చూడమన్నాను. పైనంతా హైటెన్షన్ వైర్లు. రైల్వే మూతపడ్డప్పుడు చాలా భాగం కరెంటు కంపెనీ కొనేసింది, లైన్లు వేసుకోవడానికి. అందుకే స్థలం ముక్కలు కాలేదు. తర్వాత పార్కుల సంస్థ దాన్ని తీసుకుని, 1988కి పర్సెల్‌విల్ దాకా దారి పూర్తి చేసింది. నాన్న ఆ టవర్లకేసి కాసేపు చూసి, "కరెంటోళ్లు మంచి పని చేశారు" అన్నారు.

నడిచేటప్పుడు కుడివైపు ఉండాలి. వెనక నుంచి సైకిలువాళ్లు "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరిచి ఎడమ పక్కనుంచి దాటుతారు. మనకి చిన్నప్పట్నుంచీ ఎడమవైపు నడిచే అలవాటు కదా, నాన్నని రెక్క పట్టుకుని ఇవతలకి లాగడమే నా పని.

ఇక ఆయనకి పిచ్చపిచ్చగా నచ్చేది రోడ్డు దాటే చోటు. స్తంభానికి బటన్ ఉంటుంది. నొక్కితే పసుపు లైట్లు టపటపా వెలుగుతాయి, రెండువైపులా కార్లు ఆగిపోతాయి. హారన్ లేదు, తిట్టు లేదు. నాన్న చెయ్యి పైకెత్తి, వాళ్లని ఒకసారి పరకాయించి, తాపీగా దాటుతారు. "గేటు పడింది!" అంటారు. ఒక టెస్లా అయితే మాకోసం ఆగి ఉంటే, దాటేశాక వెనక్కి తిరిగి పచ్చజెండా ఊపినట్టు చెయ్యి ఊపారు. నాకు నవ్వాగలేదు.

ఆ పక్కన కిటికీల్లేని పెద్ద పెద్ద బిల్డింగులు డేటా సెంటర్లు, అంటే ఇంటర్నెట్ నడిపే కంప్యూటర్లు ఉండే చోట్లు. మా ఏరియా వీటికే ఫేమస్. వాటి గురించి చెబుదామని కెమెరా తిప్పానా, ఇంతలో ఎదురుగా చీర మీద స్వెటరూ, కాళ్లకి స్పోర్ట్స్ షూలూ వేసుకుని ఒక పెద్దావిడ, పక్కన మంకీ క్యాప్‌లో ఆయన. మొహాలు చూసుకున్నారు, అంతే. "తెలుగువాళ్లా అండీ? ఏ ఊరండీ?" వాళ్లది భట్టిప్రోలు! నాన్న డ్యూటీ చేసిన లైనే. ఆయన రేపల్లె ప్యాసింజర్‌లో తెనాలి వెళ్లి చదువుకున్నారట. ఇంకేముంది, బెంచీ మీద సెటిలయ్యారు. స్టేషన్లు, వంతెనలు, పోయినవాళ్లు, ఉన్నవాళ్లు. ఆవిడ డబ్బాలోంచి జంతికలు తీసి నాకూ పెట్టారు. లీస్‌బర్గ్ లేదు, లంచ్ లేదు. బ్యాటరీ కూడా అయిపోవస్తోంది.

వాళ్లతో రేపు తొమ్మిదింటికి ఇక్కడే కలవాలని మాట్లాడేసుకున్నారు. నేను సెలవు పెట్టనా అని అడిగితే, "నువ్వెందుకమ్మా, ఆఫీసు చూసుకో" అన్నారు నాన్న. పెద్దమ్మా, విన్నావుగా. పర్సెల్‌విల్ దాకా సైకిల్ మీద వెళ్లే వీడియో ఇంకోసారి పెడతాను, బహుశా నేనొక్కదాన్నే. ఉంటాను మరి.