కాలేయం ముందు ఎవరికి?

శ్రోతలకు నమస్కారం.

యూరియా కోసం తెల్లారకముందే సొసైటీ గోదాము ముందు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టడం మన నల్లగొండ, మహబూబ్‌నగర్ రైతులకు తెలిసిందే. ఎవరి చెప్పులు ముందుంటే వాళ్లకే ముందు బస్తా. ఎవరి చేను పసుపు బారిందో ఎవరూ అడగరు. అమెరికాలో కాలేయ మార్పిడికి కూడా 2002 దాకా ఇంచుమించు ఇదే పద్ధతి. రోగ తీవ్రతను బట్టి రెండు మూడు గుంపులు చేసేవాళ్లు కానీ, గుంపు లోపల ముందు పేరు రాయించుకున్నవాళ్లదే వంతు. ఆ తీవ్రత కూడా డాక్టరు కంటిచూపుతో తేల్చేదే. కడుపులో నీరు కొద్దిగా ఉందని ఒకరంటే, ఎక్కువే ఉందని ఇంకొకరు అనొచ్చు.

దీన్ని మార్చినవాళ్లలో ముఖ్యుడు అక్కడి మేయో క్లినిక్ అనే ఆసుపత్రిలో కాలేయ వైద్యుడు పాట్రిక్ కామత్. నిజానికి ఆయన బృందం మొదలుపెట్టిన ప్రశ్న వేరు. లివర్ గట్టిపడి రక్తం కక్కుకునే రోగులకు లోపల చిన్న లోహపు గొట్టం పెట్టి రక్తానికి పక్కదారి చేస్తారు. ఆ పని చేశాక మూడు నెలలు బతికేదెవరు? రికార్డులు తిరగేస్తే ముఖ్యంగా మూడు రక్త పరీక్షలు తేలాయి: కామెర్ల పసుపును కొలిచే బిలిరుబిన్, కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే ఐఎన్ఆర్. ఆ లెక్క 2000లో అచ్చయింది. గొట్టం పెట్టని రోగులకూ అది సరిపోతుందని 2001లో కామత్ చూపించారు. అదే మెల్డ్ స్కోరు, 6 నుంచి 40 దాకా. 2002 ఫిబ్రవరి నుంచి అమెరికాలో ఎక్కువ స్కోరు ఉన్నవాళ్లకే ముందు కాలేయం. పది లోపు ఉంటే మూడు నెలల్లో ప్రాణాపాయం నూటికి ఇద్దరికి. నలభై దాకా పోతే సుమారు డెబ్భై మందికి.

ఇక మన ఓపీకి వద్దాం. దేవరకొండ వైపు నుంచో, అచ్చంపేట నుంచో ఒకాయన వస్తాడు. కొడుకు ప్లాస్టిక్ కవర్లోంచి రిపోర్టు తీసి, "పసరు పోయించినం సార్, కామెర్లు దిగినయి, కడుపు మాత్రం ఉబ్బింది" అంటాడు. రిపోర్టులో ఉండేది ఒక్క బిలిరుబిన్. చేతులు చాచి, ఎవరినో ఆగమన్నట్టు అరచేతులు ఎత్తి పట్టుకోమంటాను. రెండు మూడు సెకన్లకోసారి మణికట్టు పట్టు తప్పి చెయ్యి కిందికి వాలుతుంది. విషపదార్థాలు మెదడు దాకా పోయాయని అర్థం. కంటి పసుపు తగ్గినంత మాత్రాన లివర్ బాగుపడ్డట్టు కాదు. రక్తం గడ్డకట్టే పదార్థాలు చాలావరకు తయారయ్యేది అక్కడే, అవి తగ్గితే ఐఎన్ఆర్ పెరుగుతుంది. ఆ తర్వాత కిడ్నీలూ దెబ్బతింటాయి, క్రియాటినిన్ పెరుగుతుంది. పసరు ఈ రెండింటినీ ఏమీ చేయలేదు సరికదా, కొన్ని ఆకుమందులు లివర్‌నే చెడగొడతాయి.

ఈ స్కోరులోనూ ఒక లోపం ఉండేది. క్రియాటినిన్ కండను బట్టి ఉంటుంది. ఆడవాళ్లకు కండ తక్కువ కాబట్టి కిడ్నీలు దెబ్బతిన్నా అంకె చిన్నగానే కనిపిస్తుంది. దాంతో స్కోరు తగ్గి, వాళ్ల వంతు వెనక్కి పోయేది. ఇరవై ఏళ్లు గడిచాక, 2023లో, అమెరికాలో కొత్త లెక్క తెచ్చి ఆడవాళ్లకు అదనంగా పాయింట్లు కలిపారు. అన్నేళ్లు పట్టడం నాకు మింగుడుపడదు. బక్కపల్చటి ఆడమనిషి రిపోర్టులో క్రియాటినిన్ 0.9 ఉంటే నేను వెంటనే "నార్మల్" అనను.

మన దేశంలో కాలేయం ఎక్కువగా ఇచ్చేది ఇంటివాళ్లే. దాతకు మిగిలిన ముక్క కొన్ని నెలల్లో దాదాపు పాత సైజుకు పెరుగుతుంది. చనిపోయినవాళ్ల అవయవాల కోసం హైదరాబాద్ కేంద్రంగా 2013 నుంచి జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం ఉంది. ఏ దారిలోనైనా స్కోరు 15 దగ్గరికి వచ్చిందంటే మార్పిడి చేసే ఆసుపత్రిలో ఒకసారి చూపించుకోవాలి. మనవాళ్లు రక్తం కక్కాక బయల్దేరతారు, అదే టెన్షన్.

కాబట్టి కామెర్లని పరీక్షకు పోతే ఐఎన్ఆర్, క్రియాటినిన్ కూడా చేయమని అడగండి. ఐఎన్ఆర్‌కు రక్తం నీలం మూత సీసాలో తీస్తారు. అది గీత దాకా నిండాలి, తక్కువైతే అంకె తప్పుగా వస్తుంది. మూడూ చేతికొచ్చాక "మెల్డ్ ఎంత సార్?" అని డాక్టరును అడగండి, ఫోన్లో నిమిషంలో లెక్క తేలుతుంది. నమస్కారం.