సిటియావాన్ రబ్బరు తోట టూర్: 60 రింగిట్లకు ఏం చూపించారు?

నమస్తే అండీ. తెల్లవారుజామున నాలుగున్నరకి, నెత్తికి టార్చి కట్టుకుని, దోమలతో కుట్టించుకుంటూ తీసిన వీడియో ఇది. మలేషియా, పెరాక్ రాష్ట్రం, సిటియావాన్. ఇక్కడ ఓ చిన్న రబ్బరు తోటలో గీత, అంటే పాల కోసం చెట్టు బెరడు గీయడం, చూపించే టూర్ ఉంది. మనిషికి 60 రింగిట్లు. వాళ్ళ పేరు చెప్పను, కాస్త తిట్టేదుంది.

ముందు బాగున్నది చెప్తా. ఈ తాత. ఆయన చేతిలో కత్తి చూడండి, కొస వంకర తిరిగి ఉంటుంది. నిన్నటి గాటు మీద తీగలా ఎండిపోయిన రబ్బరుని ముందు సర్రున లాగేశాడు. తర్వాత, మనవాళ్ళు తాటి గెల కొస చెక్కినంత పలచగా బెరడు తీశాడు. పైన ఎడమ నుంచి కిందికి కుడివైపుకి, ఏటవాలుగా, చెట్టు చుట్టూ సగం వరకే. లోతుగా దిగితే చెట్టుకి పుండు పడుతుంది, అక్కడ మళ్ళీ బెరడు సరిగ్గా రాదు. నాకూ ఓసారి కత్తి ఇచ్చారు. దిగింది. తాత ఏమీ అనలేదు కానీ, కత్తి మాత్రం మెల్లగా వెనక్కి తీసేసుకున్నాడు.

పాలు చూడండి, జూమ్ చేస్తున్నా. గాటు వెంట జారి, రేకు మీదుగా గిన్నెలోకి చుక్కా చుక్కా. ఎండెక్కితే ధార తగ్గిపోతుంది, అందుకే ఈ చీకటి పని. తర్వాత ఆ పాలలో కాస్త ఫార్మిక్ యాసిడ్ కలుపుతారు, మనం పెరుగు తోడేసినట్టు. గడ్డకట్టాక రోలర్లలో తిప్పి షీట్లు చేసి ఆరేస్తారు. వాసన మాత్రం అడక్కండి, ఫోన్లోంచి రానందుకు సంతోషించండి.

ఇక అసలు గొడవ. గైడ్ కుర్రాడు మైకు పట్టుకుని, ఇక్కడి చైనీయుల గురించి, "వీళ్ళ పెద్దలు చైనా నుంచి రబ్బరు కోసం వచ్చారు" అన్నాడు. కాదు బాబూ! 1903లో ఫూజౌ వైపు నుంచి మెథడిస్టు క్రైస్తవ మిషన్ వెంట వచ్చిన ఈ కుటుంబాలని పిలిపించింది వరి పండించడానికి. వరి కలిసిరాలేదు. రబ్బరుకి తిరిగారు. మొక్క నాటితే గీతకి రావడానికి ఐదారేళ్ళు. అన్నాళ్ళు పొయ్యిలో పిల్లి లేవాలిగా? కూరగాయలు వేశారు, పందుల్ని పెంచారు. నేనైతే టూరంతా ఆ ఐదారేళ్ళ మీదే పెట్టేవాణ్ణి. వీళ్ళు ఒక్క ముక్క చెప్పలేదు.

రబ్బరుకి దారి అప్పటికే ఉంది లెండి. మలక్కాలో టాన్ చే యాన్ అనే చైనీయ వ్యాపారి 1896లోనే రబ్బరు తోట వేశాడు. ఆయనకి నచ్చజెప్పిన సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ దొర రిడ్లీని, ఎప్పుడూ రబ్బరు గోలేనని, జనం పిచ్చోడనేవారు. 1910లో ధర ఆకాశానికెక్కాక ఎవరూ అనలేదు. ఆ ధర కూడా నిలవలేదు, పదేళ్ళకి కుప్పకూలింది. 1922లో బ్రిటిష్ ప్రభుత్వం ఎగుమతులకే కోత పెట్టింది.

అన్నట్టు, పెరాక్ నది అవతల బగాన్ దాతో కొబ్బరి తోటలకి మన తెలుగువాళ్ళూ కూలికి వచ్చారు. వాళ్ళు గీసినా దింపినా పరాయి తోటలో. ఇక్కడివాళ్ళకి చిన్నదో పెద్దదో సొంత నేల చెక్క. దాని మీద ఇంకో వీడియో చేస్తా.

టిఫిన్ 60లో లేదు. బయటికొచ్చి గోంగ్ ప్యాన్ అనే రొట్టె తినండి. మట్టి పొయ్యి గోడకి అంటించి కాలుస్తారు, వేడివేడిగా బాగుంటుంది.

రేటింగా? పదికి ఆరు. ఆ ఆరూ తాతవే.