ఆదివారం తొమ్మిదింటికి వచ్చేవాళ్లు

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దూరంగా పెట్టుకుంటాను. నా గొంతుకి మైకెందుకని మా క్లాసులో అందరూ ఏడిపించేవాళ్లు, ముందు వరసలో కూర్చున్న మా బ్యాచ్ వాళ్లు ఇప్పుడు కూడా అందుకే నవ్వుతున్నారు.

ఈ రోజు సన్మానం నలుగురికి, మన ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకుని, ఇప్పటికీ ఇక్కడికి వచ్చి జీతం లేకుండా పని చేసే పూర్వ విద్యార్థులకి. పేర్లు ఇంకాసేపట్లో ఎలాగూ పిలుస్తారు, నేను మాత్రం చెప్పను. చెబితే మీరు చప్పట్లు కొడతారు, వాళ్లు లేచి దణ్ణం పెట్టాలి, అందులో ఇద్దరికి మోకాళ్ల నొప్పులు. ఇంకో కారణం కూడా ఉంది. పోయిన వారం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మీ గురించి ఏం చెప్పమంటారు అని అడిగితే, ఒకాయన "మా గురించి ఎందుకమ్మా, ఆదివారం తొమ్మిదింటికి ఇంకో ఇద్దరు వస్తే బాగుంటుందని చెప్పు" అన్నారు. మిగతా ముగ్గురూ కాస్త అటూ ఇటూగా అదే మాట. సరే, వాళ్ల పని గురించే చెబుతాను.

ఆంధ్రా యూనివర్సిటీ పూర్వ విద్యార్థులు అనగానే మనకి ఒక అలవాటుంది, గోడ మీద ఫోటోల వైపు చెయ్యి చూపించడం. సి.ఆర్. రావు గారు ఇక్కడ గణితంలో ఎం.ఏ. చేశారు, 2023లో, 102 ఏళ్ల వయసులో, స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. గర్వంగా ఉంటుంది, ఎందుకుండదు! కానీ నిజం చెప్పుకుందాం, ఆ బహుమతిలో మన కష్టం ఏముంది? ఆయన లెక్కలు ఆయనే చేసుకున్నారు, మనం ఫోటో పెట్టుకున్నాం. ఈ నలుగురి ఫోటోలు ఏ గోడ మీదా లేవు. వీళ్లు చేసిందల్లా చదువైపోయాక కూడా ఇక్కడికి వస్తూ ఉండటం.

డబ్బిచ్చినవాళ్లని తక్కువ చెయ్యడానికి రాలేదు నేను. 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు కొండ మీదికి వచ్చిన యూనివర్సిటీ ఇది. ఒడిశాలోని జయపూర్ మహారాజా విక్రమదేవ వర్మ గారు ఆ రోజుల్లో ఏటా లక్ష రూపాయలు ఇస్తానని నిలబడ్డారు, సైన్స్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. 1984లో నేను ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ ల్యాబులో మొదటిసారి ద్రవాలు కొలిచే పిపెట్ గొట్టం పట్టుకుని, నోట్లోకి పీల్చేసి, పరుగెత్తుకెళ్లి కుళాయి దగ్గర ఉమ్మేసిన రోజున, ఆ కుళాయిలో కూడా ఆయన రూపాయి ఎంతో కొంత ఉండే ఉంటుంది. డబ్బిచ్చిన వాళ్ల పేరు రాయి మీద ఉండాలి.

నా పేచీ వేరే. డబ్బుకి లెక్క ఉంది, టైముకి లెక్క లేదు. కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ వాళ్ల ఫారం నింపినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, 5.4 అని ఒక గడి ఉండేది, పూర్వ విద్యార్థుల పాత్ర. అందులో అయిదేళ్లలో ఎన్ని లక్షలు వచ్చాయో అంకె వెయ్యాల్సి వచ్చేది. ఎన్ని ఆదివారాలు వచ్చారో వెయ్యడానికి గడి ఉండేది కాదు. చందా ఇస్తే పన్నులో ఎంతో కొంత తగ్గించుకోవడానికి ఒక సెక్షన్ ఉంది. పదిహేనేళ్లు ఆదివారం పొద్దున నిద్ర మానుకుంటే ఏ సెక్షన్ కింద చూపించాలి? మా ఆయన చార్టర్డ్ అకౌంటెంట్, అడిగి చూశాను, "నిద్ర ఆస్తి కాదు" అన్నారు.

బూట్ల సంగతి చెబుతాను. ఆదివారాల్లో పిల్లలకి మాక్ ఇంటర్వ్యూలు, అంటే ఉద్యోగం ఇంటర్వ్యూకి ముందు ప్రాక్టీసు, పెట్టే గదిలో ఒక పాత ఇనప బీరువా ఉంది, తలుపు కింద అట్టముక్క మడిచి పెడితే తప్ప మూత పడదు. పై అరలో రెజ్యూమేల ఫైళ్లు, కింది అరలో నల్ల బూట్లు, ఏడు, ఎనిమిది, తొమ్మిది నంబర్లు, జతకొకటి చొప్పున సంచుల్లో. ఆ సంచులు కుట్టింది మన నలుగురిలో ఒకావిడ, పాత చీర చెంగులతో. ఈ బూట్ల ఆలోచన ఎలా వచ్చిందంటే, మొదట్లో ఆవిడ ఇంటర్వ్యూలో ఇంగ్లీషు నేర్పడానికే వచ్చేవారు. ఒక కుర్రాడు జవాబులన్నీ చక్కగా చెబుతున్నాడు గానీ కాళ్లు రెండూ కుర్చీ కిందికి ముడుచుకుని కూర్చుంటున్నాడు. ఎంత చెప్పినా నిటారుగా కూర్చోడు. రెండు వారాలు పోయాక ఆవిడకి వెలిగింది, వాడి కాళ్లకి రబ్బరు చెప్పులు, అవి కనపడకూడదని వాడి బాధ. టెన్షన్ ఇంగ్లీషు గురించి కాదు. ఆ సాయంత్రమే ఆవిడ వాళ్లబ్బాయి బూట్లు తెచ్చి బీరువాలో పెట్టారు. ఆ కుర్రాడికి కాస్త బిగుతయ్యాయట, అయినా వేసుకుని వెళ్లాడు.

ఈ విషయం రెండు వారాల్లో బయటపడింది. ఒక్కరోజు వచ్చి గెస్ట్ లెక్చర్ ఇచ్చి, బొకే తీసుకుని, ఫ్లైటెక్కి వెళ్లిపోయే నాలాంటివాళ్లకి చెప్పుల సంగతి ఎప్పటికీ తెలియదు. నేను వేదిక మీదుంటాను, వాడి కాళ్లు బెంచీ కింద ఉంటాయి.

రెండో ఆయన బ్యాంకులో రిటైరయ్యారు. ఆయన చేసే పని వినడానికి చాలా చప్పగా ఉంటుంది, కాగితాలు సరిచూడటం. అరకు, పాడేరు వైపు నుంచి, శ్రీకాకుళం జిల్లా పల్లెల నుంచి వచ్చే పిల్లలకి స్కాలర్‌షిప్ ఆగిపోయిందంటే చాలాసార్లు కారణం ఏమిటో తెలుసా? టెన్త్ మార్కుల లిస్టులో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో వెనకుంటుంది, బ్యాంకు పాసుపుస్తకంలో ఇంటిపేరే ఉండదు. కంప్యూటర్‌కి వాళ్లు ముగ్గురు వేరువేరు మనుషులు. ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే తండ్రికి రోజు కూలి పోతుంది. ఈయన దగ్గర రెండొందల పేజీల నోటుపుస్తకం ఉంటుంది, పిల్లకో పేజీ, పిల్లాడికో పేజీ, ఏ కాగితంలో పేరు ఎలా పడిందో అక్షరం అక్షరం రాసి, తేడా ఉన్నచోట ఎర్ర ఇంకుతో గీత. పోయిన నెల చూశాను, అది తొమ్మిదో పుస్తకం. బ్యాంకులో ముప్ఫై ఏళ్లు సంతకాలు పోల్చిన కన్ను, మరి ఊరికే పోతుందా.

ఇక నా కథ. చెప్పకపోతే అన్యాయం.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను. ఆ రోజు వైజాగ్‌లో ఉన్నవాళ్లకి వివరించక్కర్లేదు, లేనివాళ్లకి వివరించలేను. నాలుగు రోజుల తరువాత యూనివర్సిటీ అవుట్ గేట్ దగ్గర ఆటో దిగితే నేను ఎక్కడున్నానో నాకే అర్థం కాలేదు, ఎప్పుడూ చెట్ల మధ్య నుంచి ముక్కలుముక్కలుగా కనపడే బిల్డింగులు ఒక్కసారిగా మొత్తం కనిపిస్తున్నాయి. ఏడుపొచ్చింది. ఆ ఊపులోనే వాట్సాప్‌లో మా బ్యాచ్ గ్రూపు పెట్టింది నేనే, ప్రతి ఆదివారం వచ్చి కొమ్మలు తీద్దాం, మొక్కలు నాటుదాం, మన క్యాంపస్‌ని మనమే నిలబెడదాం అని పెద్దపెద్ద మాటలు రాసింది కూడా నేనే. మొదటి ఆదివారం నలభై మందిమి. ఫోటోలే ఫోటోలు. రెండో ఆదివారం పద్దెనిమిది. మూడో ఆదివారం మా ఆడపడుచు కూతురి నిశ్చితార్థం, నేను వెళ్లలేదు. ఆ తరువాత ఏ నిశ్చితార్థమూ లేదు, అయినా వెళ్లలేదు.

మూడో ఆయన వెళ్లారు. చేతి రంపం, కొబ్బరి తాడు, ఒక ప్లాస్టిక్ బకెట్. మొదటి ఏడాది నాటిన కానుగ మొక్కల్లో సగానికి పైగా ఎండిపోయాయి, కొన్ని ఆవులు తినేశాయి. మే నెలలో నీళ్లు పొయ్యడానికి పొద్దున అయిదింటికే వచ్చేవారు, ఎండెక్కితే బకెట్ మొయ్యలేరు కాబట్టి. ఇప్పుడు ఆ చెట్ల కింద స్కూటర్లు పెట్టుకుంటున్నారు. నేనూ ఈ రోజు మా కారు అక్కడే పెట్టాను, పెట్టేటప్పుడు కొంచెం సిగ్గేసింది.

మొదటి ఆదివారానికి ఎవరైనా వస్తారు. ఉప్పెనలో అందరం మంచివాళ్లమే. పన్నెండో ఆదివారం, ఎవరూ ఫోటో తియ్యని ఆదివారం, ఇంట్లో చుట్టాలున్న ఆదివారం, ఇండియా పాకిస్తాన్ మ్యాచ్ ఉన్న ఆదివారం... అది వేరే మనుషుల పని.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి యూనివర్సిటీల గురించి తెగ చెబుతుంటారు. మా చెల్లెలి మనవడు అడ్మిషన్‌కి అప్లై చేస్తే, ఆ కాలేజీలో ఎప్పుడో చదువుకుని టెక్సాస్‌లో స్థిరపడిన ఒక పెద్దాయన కాఫీ షాపులో కూర్చోబెట్టి గంట మాట్లాడాడట, జీతం లేదు, ఏమీ లేదు. వాళ్లకి కలిసొచ్చిందని అనుకుంటాం గానీ, అక్కడ కూడా ఇది ఊరికే మొదలవలేదు. మసాచుసెట్స్‌లో విలియమ్స్ కాలేజీ అని ఉంది, 1821లో దాని అధ్యక్షుడే కొంతమంది విద్యార్థుల్ని వెంటబెట్టుకుని ఆమ్‌హెర్స్ట్‌కి వెళ్లి ఇంకో కాలేజీ పెట్టుకున్నాడు. ఇక ఈ కాలేజీ మూతపడుతుందేమోనన్న భయంతో పాత విద్యార్థులు కూడి సంఘం కట్టారు. అమెరికాలో పూర్వ విద్యార్థుల సంఘాల్లో అదే అన్నిటికన్నా పాతదని చెబుతారు. మనకీ అలాంటి గండాలు గడిచాయి, రెండో ప్రపంచ యుద్ధంలో ఈ భవనాలు మిలటరీ చేతికి పోతే యూనివర్సిటీ గుంటూరు వెళ్లి తలదాచుకుంది.

ఒక మాట ఇక్కడి పెద్దలకి. వచ్చేవాళ్లని రానివ్వండి. వేరే ఊళ్లో ఒక కాలేజీలో మా స్నేహితురాలు పిల్లలకి పాఠం చెప్పడానికి వెళితే, గేటు దగ్గర ప్రతిసారీ ఎవరి కోసం వచ్చారు, ఏం పని అని అడిగి, రిజిస్టర్‌లో రాయించి, గది తాళం ఉన్న మనిషి కోసం నలభై నిమిషాలు కూర్చోబెట్టేవారట. ఆరు నెలలు ఓపిక పట్టి మానేసింది. ఇక్కడ మాక్ ఇంటర్వ్యూల గది తాళంచెవి ఆ చీర చెంగుల ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది. ఎవరో ఒక హెడ్ గారు, ఎప్పుడో, ఏ ఫైలూ నడపకుండా "మీ దగ్గరే ఉంచుకోండమ్మా" అని చేతిలో పెట్టేశారట. అది నా లెక్కలో ఈ రోజు మనం ఇవ్వబోయే జ్ఞాపికకంటే పెద్ద సన్మానం.

నాలుగో ఆవిడ గురించి చెప్పలేదు కదా. ఆవిడ హాస్టల్ అమ్మాయిలతో మాట్లాడతారు, అంతే. ఏం మాట్లాడతారో బయటికి చెప్పరు, నేనూ అడగలేదు.

చివరగా శాలువాల సంగతి. కాగితాల మాస్టారికి ఇప్పటికి ఎన్ని శాలువాలు కప్పారో ఆయనకే తెలియదు, వైజాగ్ ఉక్కపోతలో శాలువా ఏం చేసుకుంటారని అడిగితే నవ్వారు. డిసెంబరులో అరకు, పాడేరు ఇళ్లకి వెళ్లే పిల్లలు పట్టుకెళ్తారట, అక్కడ చలి ఎముకలు కొరుకుతుంది కదా. కాబట్టి ఈ రోజు కప్పేవాళ్లు జరీ కోసం చూడకుండా మందంగా ఉన్నది తెచ్చి ఉంటే మంచిది.

నా పది నిమిషాలు అయిపోయి చాలాసేపయింది, కార్యదర్శి గారు చీటీ కూడా పంపారు. ఇంటర్వ్యూలు వచ్చే ఆదివారం తొమ్మిదింటికి, అదే గదిలో. ఇద్దరు కావాలన్నారు కదా, ఒకరిగా నా పేరు రాసుకోమన్నాను. మూడో వారం రాకపోతే ఫోన్ చేసి తిట్టమని కూడా చెప్పాను. ఇంకొకరు ఎవరో చూసుకోండి. అలాగే ఆడపిల్లలకి నల్ల షూ, అయిదు నంబరు, బీరువాలో ఒక్క జత కూడా లేదట. ఇంట్లో ఉంటే తీసుకురండి, లేసులుంటే లేసులతో సహా.