పాత పికప్ వెనుక డ్రమ్ బ్రేకులు: లోపాన్ని మూలం దాకా వెతకడం

[దృశ్యం: స్టాండ్ల మీద నిలిపిన పాత పికప్ వెనుక భాగం. చక్రం తీసి ఉంది, డ్రమ్ము ఇంకా తన చోటే ఉంది.]

నమస్కారం. పాత పికప్ ట్రక్కులో వెనుక బ్రేకులు సరిగా పనిచేయడం లేదని తెలియగానే చాలామంది మొదట కొత్త షూలు, అంటే డ్రమ్ము లోపలి గోడకు ఒరిసి చక్రాన్ని ఆపే వంపు పట్టీలు, కొంటారు. షూలు మార్చాక కొన్నాళ్లు బాగానే ఉంటుంది. ఆ తరువాత పెడల్ మళ్లీ కిందికి దిగుతుంది, లేదా అదే చక్రం మళ్లీ పట్టేస్తుంది. ఒక పక్కనే అరిగిన షూ, నూనెలో తడిసిన లైనింగు (షూ మీద ఉండే, డ్రమ్ముకు ఒరిసే పొర), వేడికి నీలిరంగు తిరిగిన స్ప్రింగు కంటికి కనిపించే ఫలితాలు మాత్రమే. వాటిని ఆ స్థితికి తెచ్చిన కారణం మరో చోట ఉంటుంది: షూల దూరాన్ని సర్దే అడ్జస్టరు తిరగడం మానేయడంలోనో, ఇరుసులోని గాలి బయటికి పోయే బ్రీథరు మూసుకుపోవడంలోనో, తుప్పుతో బిగుసుకున్న హ్యాండ్ బ్రేక్ కేబులులోనో. ఆ కారణాన్ని పట్టుకోకుండా భాగాలు మార్చితే డబ్బు పోవడంతో ఆగదు. బాగైందనే నమ్మకంతో బాగుకాని బ్రేకు మీద బరువు బండి నడపవలసి వస్తుంది.

[దృశ్యం: డ్రమ్ము తీసిన బ్రేకు. ఒక్కొక్క భాగాన్ని దగ్గరగా చూపాలి.]

పెడల్ తొక్కినప్పుడు వీల్ సిలిండరులోని రెండు పిస్టన్లు బయటికి జరిగి రెండు షూలను డ్రమ్ము లోపలి గోడకు నొక్కుతాయి, పెడల్ వదలగానే స్ప్రింగులు వాటిని వెనక్కి లాగుతాయి. పాత పికప్‌లలో ఎక్కువగా కనిపించే ఏర్పాటులో రెండు షూలు పైన ఒకే ఆధారపు పిన్నుకు ఆని ఉంటాయి, కింద వాటిని కలిపేది స్టార్ వీల్ (చిన్న పళ్ల చక్రం) ఉన్న అడ్జస్టరు మాత్రమే. డ్రమ్ము తిరుగుతూ ముందు షూను తనతో లాక్కుపోతుంది, ఆ షూ అడ్జస్టరు ద్వారా వెనుక షూను మరింత గట్టిగా నొక్కుతుంది. డ్రమ్ము తిరుగుడే బ్రేకుకు బలాన్ని అందించే ఈ పద్ధతి వల్ల తక్కువ ఒత్తిడితోనే పెద్ద బరువు ఆగుతుంది. అయితే లైనింగు మీద పడిన కొద్దిపాటి నూనె కూడా ఇక్కడ పెద్ద గొడవగా మారడానికి కారణం ఇదే. రెండో రకంలో షూల కింది చివరలు స్థిరమైన ఆధారానికి ఆని ఉంటాయి, అడ్జస్టరు పైన సిలిండరుకు దగ్గరగా ఉంటుంది. మీ బండిలో ఉన్నది ఏ రకమో తెలుసుకోండి, ఎందుకంటే అడ్జస్టరు ఎప్పుడు పనిచేస్తుందన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

[దృశ్యం: డ్రైవరు సీటు. పెడల్ మీద పాదం.]

చక్రం విప్పకముందే తెలుసుకోదగినది చాలా ఉంది. పెడల్ లోతుగా దిగి, రెండు మూడు సార్లు వెంటవెంటనే తొక్కితే పైకి వస్తుంటే, షూలకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ ఎక్కువై ఉండవచ్చు, లేదా పైపులలో గాలి చేరి ఉండవచ్చు. ఈ రెంటిని వేరుచేయడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది: నిలిపి ఉన్న బండిలో హ్యాండ్ బ్రేకును కొన్ని పళ్లు లాగి మళ్లీ పెడల్ తొక్కండి. ఇప్పుడు పెడల్ స్పష్టంగా పైనే నిలబడితే, వెనుక షూలు డ్రమ్ముకు దూరంగా ఉన్నాయని అర్థం. హ్యాండ్ బ్రేకు లాగినా మార్పు లేకుండా పాదం కింద మెత్తగా, స్పంజిలా ఉంటే గాలిని అనుమానించాలి. పాదం అలాగే నొక్కి ఉంచినప్పుడు పెడల్ నెమ్మదిగా నేలవైపు దిగుతూ పోతే, ఎక్కడో బ్రేక్ ఆయిల్ కారుతోంది, లేదా పెడల్ ఒత్తిడిని పైపులలోకి పంపే మాస్టర్ సిలిండరు లోపలి రబ్బరు ఒత్తిడిని నిలపలేకపోతోంది.

పెడల్ అలలా పైకీ కిందికీ కొట్టుకుంటుంటే డ్రమ్ము గుండ్రదనం పోయి ఉండవచ్చు, అయితే ముందు డిస్కులూ ఇదే లక్షణం చూపిస్తాయి. జనసంచారం లేని చోట తక్కువ వేగంలో, విడుదల బటన్ నొక్కి పట్టుకుని, హ్యాండ్ బ్రేకును మాత్రమే కొద్దికొద్దిగా లాగి చూడండి. కుదుపు అప్పుడూ వస్తే అది వెనుక నుంచే వస్తోంది.

[దృశ్యం: ముందు చక్రాలకు అడ్డుచెక్కలు, యాక్సిల్ కింద స్టాండ్లు.]

విప్పేటప్పుడు బండి బరువు స్టాండ్ల మీద ఉండాలి, జాకీ మీద కాదు. వెనుక చక్రాలు ఎత్తి, హ్యాండ్ బ్రేకు వదిలి చేసే పని కనుక ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డుచెక్కలు తప్పనిసరి. లోపలి ధూళి విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను: పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, దాని నారలు ఊపిరితిత్తులలో చేరితే ఏళ్ల తరువాత ప్రాణాంతకమైన జబ్బులకు దారితీస్తాయి. గాలి పైపుతో ఊదకండి, పొడి బ్రష్షుతో దులపకండి. బ్రేక్ క్లీనరుతోనో సబ్బు నీటితోనో తడిపి, కింద పెట్టిన పళ్లెంలోకి కారనిచ్చి, తడి గుడ్డతో తుడవండి.

డ్రమ్ము రాకపోతే సుత్తి అందుకునే ముందు కారణం చూడండి. మధ్యలో హబ్బు చుట్టూ తుప్పు పట్టి ఉంటే తుప్పు వదిలించే నూనె వేసి, బోల్టుల మధ్య డ్రమ్ము ముఖం మీద తట్టితే వదులుతుంది. కొన్ని డ్రమ్ములలో బోల్టు బిగించి బయటికి నెట్టడానికి మరలు చెక్కిన రెండు రంధ్రాలు ఉంటాయి. అంచు దాకా వచ్చి ఆగిపోతే, అరిగిన డ్రమ్ములో ఏర్పడిన గట్టుకు షూలు తట్టుకుంటున్నాయన్నమాట. అప్పుడు షూలు అమర్చి ఉండే బ్యాక్ ప్లేటులోని సన్నని రంధ్రం గుండా ఒక స్క్రూడ్రైవరుతో అడ్జస్టరు లీవరును పక్కకు నెట్టి పట్టుకుని, మరొకదానితో స్టార్ వీల్‌ను వెనక్కి తిప్పాలి. ప్లేటుకు ఆనించి పెకలిస్తే ప్లేటు వంగిపోతుంది. బరువు బండ్ల ఇరుసులలో కొన్నింటికి ముందుగా ఇరుసు కడ్డీని, హబ్బును తీయవలసి ఉంటుంది. డ్రమ్ము తీసి ఉన్నంతసేపు పెడల్ ఎవరూ తొక్కకూడదు, తొక్కితే సిలిండరు పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి.

[దృశ్యం: తడిసిన బ్యాక్ ప్లేటు. రబ్బరు బూటు అంచును నెమ్మదిగా ఎత్తడం.]

లోపల మొదట వెతకవలసినది తడి. సిలిండరు రబ్బరు బూటు అంచు ఎత్తి చూడండి. కొద్దిపాటి చెమ్మ ఉండవచ్చు, కానీ ఆయిల్ నిలిచి ఉన్నా, బయటికి కారినా ఆ సిలిండరును మార్చాలి. డాట్ 3 బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తాజాగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా నిలవవలసిన ఆ ఆయిల్‌కు, తేమ పట్టాక ప్రమాణం ప్రకారం ఉండవలసిన కనీస హద్దు 140 డిగ్రీలే. అదే తేమ సిలిండరు లోపల తుప్పును పుట్టిస్తుంది, తుప్పు రబ్బరును కోస్తుంది.

తడి సిలిండరు నుంచి కాక ఇరుసు చుట్టూ మొదలై ఉంటే, జిగటగా ఉండి గంధకపు వాసన వస్తుంటే, అది గేర్ ఆయిల్. ఇరుసు చివర నూనెను ఆపే సీలు పోయిందని అందరూ గుర్తిస్తారు, సీలు మార్చి ఊరుకుంటారు. నేనూ ఒకసారి అదే చేశాను, కొత్త సీలు, కొత్త షూలు వేసిన బండి కొద్ది వారాలకే అదే చక్రం తడుపుకొని తిరిగి వచ్చింది. ఇరుసు పెట్టె పైన ఉండే చిన్న బ్రీథరు మట్టితో మూసుకుపోయి ఉంది. బండి నడిచి ఇరుసు వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి, బయటికి దారి లేక, నూనెను సీలు మీదుగా తోస్తోంది. అప్పటి నుంచి సీలు ముట్టుకునే ముందు బ్రీథరు చూస్తున్నాను, మీరూ అలాగే చూడండి. సీలు ఆనే చోట ఇరుసు కడ్డీ మీద గాడి పడిందేమో, బేరింగు వదులై కదులుతోందేమో కూడా పరిశీలించండి. నూనె తాగిన లైనింగును కడిగి వాడకూడదు. వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. కొద్దిగా తడిసిన లైనింగు హఠాత్తుగా పట్టేస్తుంది, బాగా తడిసినది జారిపోతుంది, రెండూ ప్రమాదమే.

[దృశ్యం: స్టార్ వీల్, లీవరు, కేబులు. ఎడమ, కుడి అడ్జస్టర్లు పక్కపక్కన.]

ఇక అడ్జస్టరు. పెడల్ దిగిపోతోందన్న ఫిర్యాదులో నేను అన్నిటికంటే ముందు అనుమానించే భాగం ఇదే. మొదట చెప్పిన రకంలో ఇది రివర్సులో వెళ్తూ బ్రేకు వేసినప్పుడు పనిచేస్తుంది: వెనుక షూ ఆధారపు పిన్ను నుంచి కొంచెం దూరం జరిగి అడ్జస్టరు కేబులును లాగుతుంది, ఖాళీ సరిపడా పెరిగి ఉంటే లీవరు స్టార్ వీల్ మీది తరువాతి పంటిని అందుకుంటుంది. అందుచేత రివర్సులో గట్టిగా బ్రేకు వేసే అవసరం రాని బండిలో, అన్ని భాగాలూ బాగున్నా సర్దుబాటు జరగకపోవచ్చు. రెండో రకంలో ఎక్కువ వాటికి పెడలో హ్యాండ్ బ్రేకో వాడుతున్నప్పుడు సర్దుబాటు జరుగుతుంది.

స్టార్ వీల్ వేళ్లతో సులువుగా తిరగాలి. మర పట్టేసి ఉంటే విప్పి, శుభ్రం చేసి, వేడికి కరగని గ్రీజు పలుచగా రాయండి. పళ్లు గుండ్రంగా అరిగినా, లీవరు కొన అరిగినా, కేబులు సాగినా వాటిని మార్చాలి. ఎడమ, కుడి అడ్జస్టర్ల మరలు ఒకదానికొకటి ఎదురు దిశలో ఉంటాయి. అవి తారుమారైతే ప్రతి సర్దుబాటుకూ షూలు డ్రమ్ముకు దగ్గర కావలసింది పోయి దూరమవుతాయి. కొత్త షూలు వేసిన కొద్దికాలానికే పెడల్ దిగిపోయిన బండిలో దీన్ని తప్పక చూడండి. ఒక పక్క పూర్తిచేశాకే రెండో పక్క విప్పమని చెప్పేది ఇందుకే. మొదటి రకంలో లైనింగు పొట్టిగా ఉన్న షూ సాధారణంగా బండి ముందు వైపు రావాలి.

అడ్జస్టరు లోపాన్ని కప్పిపుచ్చే ఒక అలవాటు ఉంది. హ్యాండ్ బ్రేకు లీవరు ఎక్కువ పైకి వస్తోందని కేబులు బిగిస్తారు. దానితో షూలు ఆధారపు పిన్నుకు పూర్తిగా ఆనకుండా ఎడంగా నిలిచిపోతాయి, సర్దుబాటుకు కావలసిన కదలిక పోతుంది, బ్రేకు రాసుకుంటూ వేడెక్కుతుంది. ముందు షూలు సర్దాలి, ఆ తరువాతే, ఇంకా అవసరమైతేనే, కేబులు ముట్టుకోవాలి.

[దృశ్యం: ఎత్తిన చక్రాన్ని చేత్తో తిప్పే ప్రయత్నం, ఆపై బ్లీడ్ నిపుల్.]

పెడల్ వదిలిన తరువాత కూడా చక్రం పట్టుకునే ఉంటే, గాలి తీయడానికి సిలిండరు వెనుక ఉండే బ్లీడ్ నిపుల్‌ను కొద్దిగా వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం తేలికైతే ఒత్తిడి లోపల చిక్కుకుంది. తేలిక కాకపోతే లోపం హ్యాండ్ బ్రేక్ కేబులులోనో, బలం తగ్గిన స్ప్రింగులలోనో, గాడులు పడిన బ్యాక్ ప్లేటులోనో ఉంది. షూ అంచు ఆనే ఎత్తైన చోట్ల పడే ఆ గాడులలో షూ ఇరుక్కుంటుంది, పెడల్ తొక్కినప్పుడల్లా టక్కుమని వినిపిస్తుంది. చిక్కుకున్న ఒత్తిడి రెండు వెనుక చక్రాలకూ ఉండి ముందు చక్రాలకు లేకపోతే, ఛాసిస్ నుంచి ఇరుసుకు వచ్చే ఒకే ఒక్క హోస్ పైపును అనుమానించండి. బయట బాగా కనిపించే పాత పైపు లోపల ఉబ్బి, ఆయిల్‌ను వెళ్లనిచ్చి తిరిగి రానివ్వదు.

ఖాళీ బండిలో వెనుక చక్రాలు తొందరగా పట్టేసి జారడం వేరే సంగతి. చాలా పికప్‌లలో ఛాసిస్‌కూ ఇరుసుకూ మధ్య కడ్డీతో కలిపిన కవాటం ఉంటుంది, అది బరువును బట్టి వెనుకకు వెళ్లే ఒత్తిడిని మారుస్తుంది. ఆ కడ్డీ తుప్పుతో బిగుసుకున్నా, వెనుక స్ప్రింగు కట్టలు మార్చి బండి ఎత్తు పెంచినా లెక్క తప్పుతుంది. ఎంత కొత్త షూలు వేసినా ఈ లోపం పోదు.

[దృశ్యం: డ్రమ్ము వ్యాసం కొలవడం.]

డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం పోతపోసి ఉంటుంది. చాలా వాటిలో అది అసలు వ్యాసం కంటే సుమారు 1.5 మిల్లీమీటర్లు ఎక్కువ. లోపలి గోడను లేత్ యంత్రం మీద చెక్కించిన తరువాత కూడా అరుగుదలకు చోటు మిగలాలి కనుక, ఆ హద్దు దాకా చెక్కించకూడదు. లైనింగు రివెట్లు వేసినదైతే రివెట్ తలల పైన 0.8 మిల్లీమీటర్ల కంటే, అతికించినదైతే మొత్తం 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదన్నది సాధారణ కొలత. మీ బండి సర్వీసు పుస్తకంలో ఇంతకంటే ఎక్కువ ఉంటే దాన్నే పాటించండి. షూలు రెండు పక్కలా ఒకేసారి మార్చాలి.

[దృశ్యం: డ్రమ్ము ఎక్కించడం, ఆపై నెమ్మదిగా కదిలే బండి.]

బిగించేటప్పుడు ఆనే చోట్ల మాత్రమే గ్రీజు రాయండి, లైనింగుకు వేలి ముద్ర కూడా అంటనివ్వకండి. డ్రమ్ము స్వల్పంగా రాసుకుంటూ ఎక్కేలా స్టార్ వీల్ సర్ది, పైపు విప్పి ఉంటే గాలి తీసి, పెడల్ గట్టిగా నిలిచిన తరువాతే బండి కదపండి. మొదటి రకం బ్రేకైతే ఖాళీ స్థలంలో ముందుకూ వెనక్కీ నడుపుతూ కొన్నిసార్లు ఆపండి, పెడల్ ఎత్తు ఇక మారకుండా ఉండేదాకా అలాగే చేయండి. కొన్ని కిలోమీటర్లు మామూలుగా నడిపి వచ్చాక రెండు డ్రమ్ములకూ అరచేతిని దగ్గరగా పెట్టి, తాకకుండా, వేడిని పోల్చి చూడండి. ఒకటి రెండోదాని కంటే బాగా వేడిగా ఉంటే ఆ పక్క షూ ఇంకా రాసుకుంటోంది. బండిని మళ్లీ స్టాండ్ల మీదికి ఎక్కించి, ఆ చక్రం చేత్తో తిప్పి, నిపుల్ పరీక్ష నుంచి తిరిగి మొదలుపెట్టాలి.