బిడది పోదామంటున్నారా, ముందు క్యాలెండర్ తీయండి

అందరికీ నమస్కారమండీ. ఏప్రిల్ వచ్చిందంటే బెంగళూరులో ఉండే మన తెలుగువాళ్ల ఇళ్లలో ఫోన్లు మొదలవుతాయి. అనంతపురం నుంచి చిన్నమ్మ, కర్నూలు నుంచి బావమరిది, మదనపల్లి నుంచి మేనత్త, అందరిదీ ఒకటే మాట, పిల్లలకి సెలవులిచ్చేశారు మీ ఊరికి వస్తున్నాం అని. సరే రండి అంటాం. వచ్చిన పిల్లలకి లాల్‌బాగ్ ఒక పూట, కబ్బన్ పార్కు ఇంకో పూట, ఆ తర్వాత వాళ్లే అడిగేస్తారు, వండర్‌లా ఎప్పుడు మామా అని. అదేనండీ, మైసూరు రోడ్డులో బిడది దగ్గరున్న రైడ్ల పార్కు. అక్కడ మొదలవుతుంది అసలు లెక్క. పెద్దవాళ్లు నలుగురు, పిల్లలు నలుగురు, పక్కన ఒక అమ్మమ్మ, తలకొక టికెట్టు అని వేసుకుంటూ పోతే ఆ మొత్తం చూసి ఇంటాయన ఫోను పక్కన పెట్టేసి మంచినీళ్లు అడుగుతాడు.

ఇక అప్పటినుంచి కూపన్ కోడ్‌ల వేట. ఆఫీసులో ఎవరో చెప్పారని ఒకటి, టెలిగ్రామ్‌లో కనిపించిందని ఒకటి, పది కోడ్‌లు కొడితే తొమ్మిది ఎక్స్‌పైర్ అయిపోయి ఉంటాయి, మిగిలింది ఫస్ట్ టైమ్ యూజర్‌కే అంటుంది. నా మాటేంటంటే ఆ కోడ్‌ల సంగతి ఆఖర్న చూసుకోవచ్చండీ, ముందు గోడ మీద క్యాలెండర్ చూడండి. పెద్ద పార్కులన్నీ ఇప్పుడు ఫ్లైట్ టికెట్ల లాగా రోజుకో రేటు పెడుతున్నాయి. శని, ఆదివారాలు ఒక రేటు, మామూలు రోజులు ఒక రేటు, సెలవుల సీజన్‌లో ఇంకో రేటు. అదే రైడు, అదే నీళ్లు, మంగళవారం వెళ్తే తక్కువ పడుతుంది, పైగా ఆదివారం గంట నిలబడే లైను మంగళవారం పావుగంటలో తేలిపోతుంది, ఆ మిగిలిన ముప్పావు గంటకి కూడా డబ్బులు కట్టాం కదా అది మర్చిపోతాం.

ఇందులో మన సరిహద్దు వాళ్లకి ఒక సదుపాయం ఉంది, చాలామంది ఆలోచించరు. కర్ణాటకలో బడులు చాలావరకు మే నెలాఖరుకో జూన్ మొదట్లోనో తెరిచేస్తారు. ఆంధ్రా, తెలంగాణలో మామూలుగా జూన్ 11 దాకా సెలవులే. అంటే జూన్ మొదటి పది రోజుల్లో బెంగళూరు పిల్లలంతా క్లాసుల్లో ఉంటారు, మన ఊరి నుంచి వచ్చిన పిల్లలు మాత్రం ఖాళీ. ఆ రోజుల్లో వారం మధ్యలో వెళ్లి చూడండి, మే నెలలో వెళ్లినవాళ్లు చెప్పే కథలకీ దీనికీ సంబంధమే ఉండదు. మరి మన ఇంట్లో ఇక్కడ చదివే పిల్లాడి సంగతేంటి అంటారా, ఒక్కరోజు లీవు పెట్టిస్తారో లేదో అది మీ ఇంటి రాజకీయం, నేను రేడియోలో చెప్పేది కాదు. దసరాకి మాత్రం మైసూరు రోడ్డు వైపు వెళ్లే ఆలోచన ఉంటే ఇంకోసారి ఆలోచించుకోండి, మైసూరు దసరా చూడ్డానికి బయల్దేరిన జనమంతా అదే దారిలో ఉంటారు.

హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టాలుంటే ఒక్క మాట ముందే అడగండి, వాళ్ల ఊళ్లో రావిర్యాల దగ్గర 2016 నుంచే వండర్‌లా ఉంది. చెన్నై వాళ్లకి కూడా 2025 డిసెంబర్‌లో వచ్చేసింది. మన బిడదిది 2005లో తెరిచారు, వీగార్డ్ స్టెబిలైజర్లు చేసే కేరళ ఆయన కొచ్చౌసేఫ్ చిట్టిలపిళ్లి, 2000లో కొచ్చిలో వీగాలాండ్ అని మొదలుపెట్టి తర్వాత ఇక్కడ పెట్టారు. వాళ్ల ఊళ్లో ఉన్నదాన్నే ఇక్కడ మన డబ్బులతో చూపించడం ఎందుకండీ, వాళ్లని నంది హిల్స్ తీసుకెళ్లండి.

తేదీ కుదిరింది, ఇప్పుడు ఇంట్లో ఎవరెవరు ఏ టికెట్టో చూడాలి. బిడదిలో పిల్లల టికెట్టుకి వయసు అడగరు, ఎత్తు కొలుస్తారు. 85 సెంటీమీటర్లు లోపు ఉంటే ఫ్రీ, అక్కడినుంచి 140 దాకా పిల్లల టికెట్టు, ఆ పైన ఎనిమిదేళ్లున్నా పెద్దవాడి కిందే లెక్క. అందుకని ఇంట్లోనే గోడకి నిలబెట్టి టేపుతో కొలవండి, చెప్పులు విప్పించి కొలవండి. ఇక్కడ ఒక చిక్కుంది. పెద్ద పెద్ద రైడ్లకి చాలావాటికి 140 సెంటీమీటర్లు ఉంటేనే ఎక్కనిస్తారు. 138 ఉన్నవాడికి టికెట్టులో డబ్బులు మిగిలాయని మనం సంతోషిస్తుంటాం, వాడేమో లోపల రోలర్ కోస్టర్ దగ్గర బోర్డు పక్కన నిలబడి ఏడుపు మొదలుపెడతాడు, అన్న ఎక్కాడు నేనెందుకు ఎక్కకూడదు అని. ముందే చెప్పి తీసుకెళ్తే సగం గొడవ తగ్గుతుంది. పూర్తిగా తగ్గుతుందని నేను చెప్పను.

తర్వాత కార్డులు. కాలేజీ ఐడీ ఉన్నవాళ్లకి, అరవై దాటిన పెద్దవాళ్లకి వేరే రేట్లు ఉంటాయి. వేసవిలో టెన్త్, ఇంటర్ పరీక్షలు రాసినవాళ్లకి హాల్ టికెట్ చూపిస్తే తగ్గించే ఆఫర్లు కూడా పెడుతుంటారు, కాబట్టి పరీక్షలు అయిపోయాయని హాల్ టికెట్లు పాత పేపర్లలో వేసేయకండి. కొన్ని చోట్ల పుట్టినరోజు నెలకి కూడా ఉంటుంది. ఇవన్నీ ప్రతి సంవత్సరం మారేవే, పార్కు సొంత వెబ్‌సైట్‌లో ఆఫర్ల పేజీ ఒకటి ఉంటుంది, పది నిమిషాలు పెట్టి అది పూర్తిగా చదవండి, కింద చిన్న అక్షరాల్లో ఒరిజినల్ తేవాలా, ఫోన్లో ఫోటో చాలా, ఆన్‌లైన్‌లోనే బుక్ చేయాలా, గేటు దగ్గరే ఇస్తారా అనేవి ఉంటాయి, ఆ చిన్న అక్షరాల దగ్గరే మనవాళ్లు దెబ్బతింటారు. రెండు ఆఫర్లు కలిపి ఇవ్వరు, అది దాదాపు ఎక్కడైనా అంతే.

ఐటీలో పనిచేసేవాళ్లు ఇంకో చోట వెతకాలి. మీ కంపెనీ హెచ్‌ఆర్ వాళ్ల ఎంప్లాయీ బెనిఫిట్స్ పోర్టల్ ఒకటి ఉంటుంది, జాయిన్ అయిన రోజు లాగిన్ చేసి మళ్లీ చూసి ఉండరు. అందులో గిఫ్ట్ వోచర్లు తగ్గించి అమ్ముతుంటారు, పార్కులవి కూడా దొరుకుతుంటాయి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఒక్కో అపార్ట్‌మెంట్‌లో మన తెలుగు కుటుంబాలే ముప్పై నలభై ఉంటాయి కదా, అందరూ కలిసి గ్రూప్ బుకింగ్ అడిగితే రేటు వేరుగా చెప్తారు. కాకపోతే ముప్పై కుటుంబాలకీ కుదిరే తేదీ పట్టుకోవడం కన్నా ఫుల్ రేటు కట్టేయడమే సులువు అనిపించే రోజులూ ఉంటాయి లెండి.

ఇప్పుడు రేటు పోల్చేటప్పుడు ఒక సంగతి. పార్కు టికెట్టు మీద జీఎస్టీ ఉంటుంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు 28 శాతం పెట్టారు, 2018 జనవరి 25 నుంచి 18 చేశారు. కొన్ని చోట్ల రేటు ట్యాక్స్ కలిపి చూపిస్తారు, కొన్ని చోట్ల కలపకుండా చూపిస్తారు. ఉదాహరణకి ఒక యాప్‌లో 1200 అని పెద్ద అక్షరాల్లో కనిపించింది, ఇంకో చోట 1400 అని ఉంది అనుకోండి, ఎవరైనా 1200 వైపే పరిగెత్తుతారు. దానికి 18 శాతం కలిపితే 1416, పైన కన్వీనియన్స్ ఫీజు అని ఇంకొంత. రెండో చోట 1400లోనే అన్నీ ఉన్నాయి. కాబట్టి మొదటి స్క్రీన్ మీద రేటు నమ్మకండి, పేమెంట్ బటన్ పైన కనిపించే ఆఖరి అంకె రాసుకుని అది పోల్చండి. క్రెడిట్ కార్డు ఆఫర్లు కూడా అంతే, ఇంత కొంటేనే అని ఒక షరతు, ఇంతకు మించి తగ్గించం అని ఇంకో షరతు, రెండూ చూడాలి.

టికెట్టులో రెండొందలు మిగిల్చి లోపల రెండువేలు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. వాటర్ రైడ్లకి కాటన్ బట్టలు, చీరలు, చుడీదార్లు ఒప్పుకోరు, నైలానో లైక్రానో ఉండాలి. ఇంట్లో నుంచి తీసుకెళ్లకపోతే లోపల షాపులో వాళ్లు చెప్పిన రేటుకి కొనాలి. ముందు వారం చిక్‌పేటలో ఒక గంట తిరిగితే ఆ డబ్బుకి ఇద్దరికి వస్తాయి. బయటి తిండి లోపలికి రానివ్వరు, చంటిపిల్లల ఆహారం మినహా, పులిహోర డబ్బా గేటు దగ్గరే ఆగిపోతుంది. ఈ పులిహోర నియమం మీద నాకు కోపమే కానీ నా కోపంతో పని లేదు కదా. లాకర్ డబ్బులు వేరే. అందుకే టికెట్టు ప్లస్ భోజనం కాంబో ఉంటే, లోపల తినక తప్పదు కాబట్టి, ఆ రెండూ విడిగా ఎంతవుతాయో లెక్కేసి చూడండి, చాలాసార్లు కాంబో నయం. లైను దాటించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్టు మాత్రం వారం మధ్యలో వెళ్లేవాళ్లకి దండగ.

ఇక ఫ్రీ టికెట్ల దగ్గరికి వద్దాం, ఇది కొంచెం విడమరిచి చెప్పాలి. మాల్‌లోనో పెట్రోల్ బంకులోనో టై కట్టుకున్న కుర్రాడు వచ్చి, సార్ లక్కీ డ్రా, పేరు ఫోన్ నంబర్ రాయండి చాలు అంటాడు. వారం తిరక్కుండా ఫోను, కంగ్రాట్స్ సార్ మీకు మూడు రోజుల హాలిడే, ఫ్యామిలీకి పార్కు టికెట్లు ఫ్రీ, వచ్చి గిఫ్ట్ తీసుకోండి, అయితే భార్యాభర్తలు ఇద్దరూ తప్పనిసరిగా రావాలి. ఈ చివరి షరతు ఎందుకో గమనించండి. ఇంటికెళ్లి ఆవిడనడిగి చెప్తాను, ఆయననడిగి చెప్తాను అని తప్పించుకునే దారి మూసేయడానికి. వెళ్తే ఏదో హోటల్లో కూర్చోబెట్టి, జ్యూస్ ఇచ్చి, గంటన్నర రెండు గంటలు పాతికేళ్ల హాలిడే మెంబర్‌షిప్ గురించి చెప్తారు. ఈరోజే సంతకం పెడితే ఈ రేటు, రేపటికి లేదు అంటారు. పిల్లలు పక్కన విసుగుతో ఏడుస్తుంటారు, ఆ ఏడుపు కూడా వాళ్లకే పనికొస్తుంది, ఏదో ఒకటి పెట్టేసి బయటపడదాం అనిపిస్తుంది. ఏమీ కొనకుండా గట్టిగా కూర్చుంటే ఆఖర్న ఒక కవరు ఇస్తారు, తెరిచి చూస్తే శని ఆదివారాలు చెల్లదు, పండగలకి చెల్లదు, ప్రాసెసింగ్ చార్జీలు మీవే. ఒక ఆదివారం పూర్తిగా పోతుంది. అమెరికాలో ఆర్లాండోలో కూడా డిస్నీ టికెట్లు ఎరగా వేసి టైమ్‌షేర్ అని ఇలాంటి హాలిడే మెంబర్‌షిప్‌లే అమ్మడం ఎప్పటినుంచో ఉంది, మన దగ్గర పేర్లు మారాయంతే.

వాట్సాప్‌లో వచ్చేది ఇంకో రకం. పార్కు వార్షికోత్సవం, ఐదు టికెట్లు ఉచితం, ఈ లింకు ఇరవై మందికి పంపండి అని ఉంటుంది. పెద్దవాళ్లు పాపం మనవళ్ల కోసం నొక్కేస్తారు. లింకులో పార్కు పేరు ఒక అక్షరం అటూ ఇటూగా ఉంటుంది. టికెట్టు డబ్బులు వాపసు ఇస్తాం క్యూఆర్ స్కాన్ చేసి యూపీఐ పిన్ కొట్టండి అన్నారంటే ఫోన్ పెట్టేయండి, డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదు. పొరపాటున పోయిందా, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

పిల్లలు విదేశాల్లో ఉంటే అక్కడికెళ్లేవాళ్లకి రెండు ముక్కలు. అక్కడ ఎత్తు కాదు, వయసు. ఫ్లోరిడా డిస్నీలో మూడేళ్ల లోపు ఫ్రీ, పదేళ్లు నిండితే పెద్దవాళ్ల టికెట్టే, కాబట్టి మనవడి పదో పుట్టినరోజు ముందు వెళ్తే కలిసొస్తుంది. ఎక్కువ రోజులకి తీసుకుంటే రోజుకి పడే రేటు తగ్గుతుంది. ఇంకెవరో రెండు రోజులు వాడి మిగిలిన రోజులు అమ్ముతున్నారంటే కొనకండి, ఆ టికెట్లు ఒకరివి ఇంకొకరికి చెల్లవు. సింగపూర్ యూనివర్సల్‌లో నాలుగు నుంచి పన్నెండేళ్ల దాకా పిల్లల రేటు.

మళ్లీ బిడదికే వద్దాం, అమ్మమ్మ సంగతి మిగిలింది. రైడ్ ఎక్కకపోయినా లోపలికి రావాలంటే టికెట్టే. చీర కట్టుకుని బెంచీ మీద రోజంతా కూర్చోడానికి అంత డబ్బు ఎందుకండీ. పెద్దవాళ్లలో ఒకరు ఆవిడతో పాటు ఉండి అదే మైసూరు రోడ్డు వైపు కేతోహళ్లిలో దొడ్డ ఆలద మర అని నాలుగొందల ఏళ్ల మర్రిచెట్టు ఉంది, మూడెకరాల్లో ఊడలు దిగి ఉంటుంది, అక్కడికి తీసుకెళ్లొచ్చు. రామనగర దగ్గర జానపద లోక ఉంది, పాత రోకళ్లు, తోలుబొమ్మలు, వాయిద్యాలు, ఆవిడకి వాటి గురించి మనకన్నా ఎక్కువ తెలుసు. దారిలో బిడది తట్టె ఇడ్లీ ఎలాగూ ఉంటుంది.

సొంత బండి లేకపోతే పర్పుల్ లైన్ మెట్రో చల్లఘట్ట దాకా వెళ్తుంది, అక్కడినుంచి బస్సు. మామూలు బస్సుల్లో ఆడవాళ్లకి 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద ఉచితం, అయితే కర్ణాటక అడ్రస్ ఉన్న కార్డు చూపించాలి, మదనపల్లి నుంచి వచ్చిన మేనత్త ఆధార్ ఇక్కడ పనిచేయదు, ఆవిడ టికెట్టు తీసుకోవాల్సిందే. కారులో వెళ్తే ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే టోల్ పడుతుంది, సర్వీస్ రోడ్డులో పడదు, కాస్త ఆలస్యం. స్కూటర్లు, ఆటోలు 2023 ఆగస్టు నుంచి ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ రోడ్డు మీదకి రానివ్వట్లేదు, వాళ్లు ఎలాగూ సర్వీస్ రోడ్డే. పార్కు గేటు మామూలుగా పదకొండుకి తెరుస్తారు, పదిన్నరకల్లా అక్కడ ఉంటే మొదటి గంటలోనే పెద్ద రైడ్లు అయిపోతాయి. ఉంటానండీ, నమస్కారం.