1986 నాటి ధరతో ఇవాళ్టి వడ్ల లెక్క

శ్రోతలకు నమస్కారం.

వానాకాలం పంట కోతకొచ్చిందంటే మన ఐకేపీ సెంటర్లలో వినిపించే మాటలు తేమ 17 శాతం దాటిందా, తాలు ఎంత పోతుంది, కాంటా ఎప్పుడు పెడతారు అనే. ఆ వడ్లకు ప్రభుత్వం కట్టే ధర గురించి జెనీవాలోనూ ఏళ్ల తరబడి పంచాయితీ నడుస్తోంది. అక్కడ కేంద్రంగా ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థలో వ్యవసాయ చర్చలు 2001లో దోహా నుంచి కొత్త ఊపుతో మొదలయ్యాయి. 2003లో కాన్‌కూన్‌లో చెడ్డాయి. 2008 జులైలో జెనీవాలో తొమ్మిది రోజులు కూర్చుని ఏమీ తేల్చకుండానే లేచారు. 2024లో అబుధాబిలోనూ వ్యవసాయం మీద ఒప్పందం కుదరలేదు. సభ్య దేశాలు 166. ఏ నిర్ణయానికైనా ఏకాభిప్రాయం కావాలి, ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది.

ఇరువైపులా పెద్ద మాటలే వినిపిస్తాయి. ఒకరు స్వేచ్ఛా వాణిజ్యం అంటారు, ఇంకొకరు ఆహార భద్రత అంటారు. అసలు ముడి మాత్రం ఒక గుణకారంలో ఉంది. అది విప్పి చూస్తే తప్ప ఈ గొడవ అర్థం కాదు.

ప్రభుత్వం మద్దతు ధరకు కొంటే రైతుకు ఎంత సబ్సిడీ ఇచ్చినట్టు? 1995లో అమల్లోకి వచ్చిన వ్యవసాయ ఒప్పందం ఇలా లెక్కించమంటుంది: మద్దతు ధరలోంచి అంతర్జాతీయ ధర తీసేయాలి, మిగిలినదాన్ని పంట పరిమాణంతో గుణించాలి. ఆ మొత్తం ఆ పంట విలువలో 10 శాతం దాటకూడదు. ఇది మనలాంటి దేశాలకు. ధనిక దేశాలకు 5 శాతం. ఇంతవరకు సబబుగానే ఉంది. కానీ ఆ అంతర్జాతీయ ధర ఇవాళ్టిది కాదు. 1986 నుంచి 1988 వరకు ఉన్న సగటు. బియ్యానికి మన లెక్క ప్రకారం టన్నుకు 3,520 రూపాయలు, అంటే క్వింటాలుకు 352. ఆ డబ్బుతో ఇవాళ మలక్‌పేట గంజ్‌లో పది కిలోల మంచి సన్నబియ్యం కూడా రావు.

2024-25లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. క్వింటాలు వడ్లు ఆడిస్తే 67 కిలోల బియ్యం లెక్క. అంటే బియ్యం టన్ను 34 వేల పైచిలుకు పడుతుంది. దానిలోంచి 3,520 తీసేస్తే మిగిలే 30 వేల చిల్లరా కాగితం మీద సబ్సిడీయే. విత్తనం, ఎరువు, కూలీ, డీజిల్ ధరలు ఈ ముప్పై ఏడెనిమిదేళ్లలో ఎంత పెరిగాయో ఈ సూత్రానికి పట్టదు.

మన ప్రభుత్వం దీన్ని డాలర్లలో చూపిస్తుంది. డాలర్లలో పాత ధర టన్నుకు 262.51. 2024-25 నాటి 34 వేలు అప్పటి రేటుకు డాలర్లలోకి మారిస్తే 400 పైచిలుకు. తేడా ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఇక రెండో కీలకం పరిమాణం. ప్రభుత్వం కొన్న మేరకే లెక్కించాలని మనం అంటాం. పండిన పంటంతా లెక్కలోకి వస్తుందని అమెరికా అంటుంది. 2022-23లో దేశంలో సుమారు 13.5 కోట్ల టన్నుల బియ్యం పండితే, సేకరించింది 5.7 కోట్ల టన్నుల లోపే. కరెన్సీ రూపాయలకు మార్చి, పరిమాణం మార్చి 2018లో అమెరికా తన లెక్క తానే వేసి, 2010-14 మధ్య మన వరి మద్దతు పంట విలువలో 74 నుంచి 84 శాతం దాకా ఉందని చూపింది. అవే వడ్లు, అదే రైతు. లెక్క వేసే చేయి మారిందంతే.

మన సొంత లెక్కలోనూ గీత దాటాం. 2018-19లో బియ్యానికి 11.46 శాతం, మరుసటి ఏడు 13.7 శాతం. అయినా కేసు పడకపోవడానికి కారణం 2013 డిసెంబరులో బాలిలో కుదిరిన శాంతి నిబంధన. శాశ్వత పరిష్కారం దొరికేదాకా ఆహార నిల్వల కొనుగోళ్లపై ఎవరూ వివాదానికి దిగకూడదని దాని సారాంశం. దాన్ని వాడుకున్న మొదటి దేశం మనదే. ఊరికే రాదు: పరిమితి దాటామని మనమే చెప్పుకోవాలి, గణాంకాలన్నీ ఇవ్వాలి, ఆ నిల్వలు ఇతరుల వాణిజ్యాన్ని దెబ్బతీయకూడదు.

ఈ చివరి షరతు దగ్గరే మన వాదన కాస్త బలహీనం. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో మన వాటా ఇంచుమించు 40 శాతం. పేదల ఆహారం కోసం నిల్వ చేస్తున్నామని చెప్పే దేశమే అందరికంటే ఎక్కువ అమ్ముతుంటే థాయిలాండ్‌లాంటి దేశాలు ప్రశ్నించకుండా ఎలా ఉంటాయి? గోదాముల బియ్యం ఎగుమతి కావడం లేదని మనం అంటాం. అది నిజమే అనుకున్నా, సర్కారు అంత పెద్ద ఎత్తున కొనడంతో సాగు పెరిగి, మిగులు మార్కెట్‌కు చేరుతుందనే మాటకు అది జవాబు కాదు.

అవతలి పక్షం చేతులూ శుభ్రంగా లేవు. అమెరికాకు 19.1 బిలియన్ డాలర్లు, ఐరోపా సమాఖ్యకు 72 బిలియన్ యూరోల పైచిలుకు, ఆ శాతం గీతకు పైన ఇచ్చుకునే అదనపు మద్దతు హక్కు పాత ఒప్పందంలోనే రాసిపెట్టి ఉంది. మనకు ఆ హక్కు సున్నా. ముందు అది తీసేయండని 2017లో మనమూ చైనా కలిసి అడిగాం. ముందు మీ మార్కెట్లు తెరవండని వాళ్లు. కదలిక లేనిది ఇక్కడే.

దిగుమతులు వెల్లువెత్తినప్పుడు సుంకం పెంచుకునే ప్రత్యేక రక్షణ మీదే 2008 చర్చలు విరిగిపోయాయి. దిగుమతులు 40 శాతం పెరిగాకే హామీ పరిమితి, అంటే అంతకు మించి వేయమని సంస్థకు మాటిచ్చిన గరిష్ఠ సుంకం, దాటి సుంకం వేయాలన్నది ముసాయిదా. 10 శాతానికే వేయాలన్నది మన పక్షం. పామాయిల్‌పై మనకు 300 శాతం దాకా సుంకం వేసే వీలుంది కాబట్టి ఖమ్మం తోటల రైతుకు ఇది అంత పెద్ద సమస్య కాదు. సోయా నూనెపై ఆ పరిమితి 45 శాతమే.

మన తెలంగాణ సంగతికొస్తే, రైతు భరోసా కింద ఎకరానికి ఏడాదికి ఇచ్చే 12 వేలు పంటతో, ధరతో ముడిపడనంత వరకు ఆకుపచ్చ పెట్టెలో, అంటే వాణిజ్యాన్ని పెద్దగా దెబ్బతీయని సబ్సిడీల ఖాతాలో, వేసుకోవచ్చు. దానికి పరిమితి లేదు. సన్నాలకు క్వింటాలుకు ఇచ్చే 500 బోనస్ అలా కాదు, సర్కారు చెల్లించే ధరకే తోడవుతుంది, కాబట్టి 352తో పోల్చే అంకె మరింత పెరుగుతుంది. చేతికందే రూపాయి రైతుకు ఒకటే అయినా జెనీవాలో రెండు ఖాతాలు. ఇంకో మెలిక: శాంతి నిబంధన 2013 డిసెంబరు 7 నాటికి ఉన్న పథకాలకే వర్తిస్తుంది. వరి తగ్గించి వేరే పంటలు వేయండని చెప్పి, వాటిని మద్దతు ధరకు కొనే పథకం కొత్తగా పెడితే, ఆ రక్షణ దానికి ఉండదు. ఆ పంటల్లో మాత్రం 10 శాతం గీత లోపలే ఉండాలి.