మెడ పట్టేస్తే దిండుకు శిక్షా?

(ఉదయపు నడక మిత్రుల సంఘం సభలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీ కార్యదర్శి గారు ఫోను చేసి మెడ నొప్పి మీద మాట్లాడమన్నప్పుడు నేనొక షరతు పెట్టాను. వచ్చేవాళ్లు తమ తలదిండు వెంట తెచ్చుకోవాలి అన్నాను. ఆయన నవ్వారు. తెల్లవారుజామున చంకలో దిండు పెట్టుకుని పార్కులోకి నడిచి రావాలంటే కొంత ధైర్యం కావాలి. అయినా తొమ్మిది మంది తెచ్చారు. వాటి సంగతి చివర్లో చూద్దాం.

మా అమ్మమ్మ ఊళ్లో ఎవరికైనా పొద్దున్నే మెడ పట్టేస్తే మొట్టమొదట చేసే పని దిండును ఎండలో పడేయడం. మీ ఇళ్లలోనూ చేసే ఉంటారు. మనిషి మెడ వంకర పెట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు, దిండు పెరట్లో శిక్ష అనుభవించేది. చిత్రమేమిటంటే మూడో రోజుకు మెడ తిరిగేది. ఆ పేరంతా ఎండకు దక్కేది. నేను పాతికేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను. నా దగ్గరకు వచ్చేవాళ్లలోనూ చాలామందికి రెండు మూడు రోజుల్లో సగం నొప్పి పోతుంది, వారం తిరిగేసరికి దాదాపు అంతా తగ్గుతుంది. పేరు నాకు దక్కుతుంది. ఈ విషయంలో నేనూ ఆ ఎండలాంటివాణ్ణే.

"నరం మీద నరం ఎక్కింది", "ఎముక జరిగింది" అంటూ వస్తారు. నరం మీద నరం ఎక్కదు. పడుకుని లేచినంత మాత్రాన ఎముక జారిపోదు. మన మెడలో ఏడు వెన్నుపూసలు ఉంటాయి. జిరాఫీకీ ఏడే. వాటి మీద నాలుగున్నర, ఐదు కిలోల తల నిలబడి ఉంటుంది. మనం తల అటూ ఇటూ తిప్పేటప్పుడు ఆ తిరుగుడులో దాదాపు సగం పై రెండు పూసల మధ్యే జరుగుతుంది. ఆ పై పూసల నుంచే ఒక కండరం కిందికి దిగి, భుజం వెనక రెక్క ఎముక పై మూలకు అతుక్కుంటుంది. ఒకసారి ఎడమ చేత్తో కుడి భుజం పైభాగాన్ని, మెడ మొదట్లో, వేళ్లతో నొక్కి చూడండి. తాడులా తగిలిందా? పొద్దున పట్టేసే చోటు చాలాసార్లు అదే. రాత్రంతా మెడ ఒక పక్కకు మడతపడి ఉంటే ఆ కండరమో, పూసల మధ్య ఉండే చిన్న కీళ్లో నొచ్చుకుంటాయి. వెంటనే చుట్టుపక్కల కండరాలన్నీ బిగుసుకుని, విరిగిన చేతికి కట్టు కట్టినట్టు మెడను కదలనివ్వకుండా పట్టుకుంటాయి. ఆ బిగుతు మన మంచికే పుట్టింది. కాకపోతే అతిగా కాపలా కాస్తుంది. బలవంతంగా విడదీయబోతే ఇంకా బిగుస్తుంది.

కాబట్టి ఆ పొద్దున చేయవలసిన మొదటి పని మంచం మీద నుంచి సరిగ్గా లేవడం. వెల్లకిలా పడుకున్నవాళ్లు తల ఎత్తి లేవబోయి కేక పెడతారు. పక్కకు తిరగండి, కాళ్లు కిందికి వదలండి, ఒక చేత్తో పరుపును తోస్తూ రెండో చేత్తో తలను పట్టుకుని లేవండి. తలను చేతికి అప్పగిస్తే మెడకు ఆ పని తప్పుతుంది.

తరువాత కాపడం. వేడినీళ్ల సంచి అయినా, పెనం మీద వేయించిన కల్లుప్పు మూట అయినా, వేడినీళ్లలో పిండిన తువ్వాలు అయినా ఒకటే. పదిహేను, ఇరవై నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. మూటను ముందు మీ ముంజేతి మీద పెట్టి చూసుకోండి. మధుమేహం చాలా కాలంగా ఉన్నవాళ్లకు స్పర్శ తగ్గి, చర్మం కాలినా తెలియదు, వాళ్లకు ఇంట్లో వేరొకరు చూసి పెట్టాలి. కొందరికి చల్లటి కాపడమే హాయిగా ఉంటుంది. ఐసు ముక్కల్ని గుడ్డలో చుట్టి పెట్టుకోండి, నేను వాదించను.

అమృతాంజనం సంగతి అడుగుతారని తెలుసు. 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టినవారు మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారే. ఆ తరువాత ఆంధ్రపత్రిక పెట్టినవారూ ఆయనే. ఇలాంటి లేపనాలు చర్మానికి చల్లగానో మంటగానో అనిపించి, నొప్పి మీద నుంచి దృష్టి మళ్లిస్తాయి. అదీ ఉపశమనమే. కానీ రాసుకున్న చోటే వేడినీళ్ల సంచి పెట్టకండి, బొబ్బలెక్కుతుంది.

ఇప్పుడు అసలు మందు చెబుతాను, అది కదలిక. ఒకప్పుడు మెడకు పట్టీ వేసి పడుకోబెట్టేవారు. ఈ రకం నొప్పికి పట్టీ మంచిది కాదు, రోజుల తరబడి వేసుకుంటే కండరాలు బలహీనమై బిగుతు ముదురుతుంది. కాపడం పెట్టిన వెంటనే దిండు మీద వెల్లకిలా పడుకోండి. తల బరువు దిండు మీదే ఉండాలి. నొప్పి లేని వైపుకు మెల్లగా తల దొర్లించండి. తరువాత నొప్పి ఉన్న వైపుకు, నొప్పి మొదలయ్యే గడప దాకా మాత్రమే. అక్కడ ఆగి రెండు ఊపిరులు తీసుకుని వెనక్కి రండి. తల కంటే ముందు కళ్లు తిప్పండి. కళ్లు ఎటు వెళ్తే మెడ కండరాలు అటు సిద్ధమవుతాయి. ఇలా ఐదారు సార్లు, గంటకో రెండు గంటలకో ఒకసారి. నిన్నటి కంటే వేలెడు ఎక్కువ తిరిగితే చాలు. పంతం పట్టి ఒకేసారి భుజం దాకా తిప్పుతానంటే మీ ఇష్టం, మర్నాడు మళ్లీ నా దగ్గరికే వస్తారు.

మాత్రల గురించి రెండు మాటలే. పారాసెటమాల్ కానీ, పైపూతగా డైక్లోఫెనాక్ జెల్ కానీ ఒకటి రెండు రోజులు వాడుకోవచ్చు. నొప్పి మాత్రల విషయంలో కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, రక్తం పలచబరిచే మందులు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మందుల షాపుకు వెళ్లవద్దు. కండరాలు సడలించే మాత్ర వేసుకుంటే మత్తు వస్తుంది, ఆ పూట బండి నడపకండి.

ఇక క్షవరం షాపు. క్షవరం అయ్యాక తల పట్టుకుని టక్కున అటూ ఇటూ విరవడం మనకు అలవాటైన సుఖం. చప్పుడు వినగానే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. నేను ఈ సుఖానికి గట్టి వ్యతిరేకిని. మెడ పూసల రంధ్రాల గుండా రెండు రక్తనాళాలు మెదడు వెనకభాగానికి వెళ్తాయి. హఠాత్తుగా తిప్పినప్పుడు వాటి లోపలి పొర చిరిగితే రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వచ్చాక వెనక్కి తీసుకోలేం. తల కడిగించుకునేటప్పుడు బేసిన్ అంచు మీద మెడ వెనక్కి వాల్చడం వల్ల కూడా ఇలా జరిగిన సందర్భాలను 1993లోనే అమెరికా వైద్య పత్రికలో ప్రచురించారు. 2022లో హైదరాబాద్‌లోనూ ఒక మహిళకు అలాగే జరిగిందని వార్త వచ్చింది. పట్టేసిన మెడను ఎవరికీ విరవడానికి ఇవ్వకండి. మెడ మీద రోకలి దొర్లించే పెద్దమ్మలకు కూడా.

కొన్ని మెడ నొప్పులు దిండువి కావు. జ్వరం, తీవ్రమైన తలనొప్పి ఉండి గడ్డం ఛాతీకి ఆనకపోతే అది మెదడు పొరల వాపు కావచ్చు, ఆసుపత్రికి పరుగెత్తాలి. చేతికి తిమ్మిరి ఎక్కి పట్టు జారుతున్నా, నడక తడబడుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా, కింద పడ్డాకో బండి ప్రమాదం తరువాతో నొప్పి మొదలైనా ఆలస్యం వద్దు. మెడ, దవడ, ఎడమ చేయి లాగుతూ చెమటలు పడితే గుండెను అనుమానించాలి. ఇంకొకటి చాలామందికి తెలియదు. వాంతులు ఆగడానికి మెటోక్లోప్రమైడ్ లాంటి మందు వేసుకున్న పిల్లలకు, యువకులకు ఒక్కోసారి మెడ దానంతటదే ఒక పక్కకు మెలితిరిగిపోతుంది. చూసినవాళ్లు గాలి సోకిందని భయపడతారు. ఆసుపత్రిలో ఒక ఇంజెక్షన్ ఇస్తే సాధారణంగా గంటలోపే సర్దుకుంటుంది.

ఆయుర్వేదంలో మెడ పట్టడాన్ని మన్యాస్తంభం అన్నారు. దానికి సుశ్రుతుడు చెప్పిన కారణాల్లో పగటి నిద్ర, మెడ తిప్పి పైకి చూడటం ఉన్నాయి. ఆయన కాలంలో జనం పైకి చూసేవారు, మనం కిందికి చూస్తున్నాం. న్యూయార్క్‌లో ఒక వెన్నెముక శస్త్రచికిత్స నిపుణుడు 2014లో లెక్కగట్టి, తల అరవై డిగ్రీలు వంచి ఫోను చూస్తే మెడ మీద దాదాపు 27 కిలోల బరువు పడుతుందన్నాడు. పాతిక కిలోల బియ్యం బస్తా అనుకోండి. అది మనుషుల మీద కొలిచింది కాదు, నమూనా మీద వేసిన లెక్క, అందుకని దాన్ని వేదంలా పట్టుకోవద్దు. కానీ రోజంతా అలసిన మెడకు రాత్రి దిండు కాస్త తేడాగా ఉన్నా చాలు. రాత్రి బస్సులో కిటికీకి తల ఆనించి హైదరాబాద్ నుంచి విశాఖ దాకా నిద్రపోయినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

అన్నిటికంటే చెడ్డది బోర్లా పడుకోవడం. ముక్కుకు ఊపిరాడాలి కాబట్టి తల పూర్తిగా ఒక పక్కకు తిప్పి గంటల తరబడి ఉంచాల్సి వస్తుంది. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు చెవికీ భుజం అంచుకూ మధ్య ఖాళీ ఎంతో దిండు ఎత్తు అంత ఉండాలి. వెల్లకిలా పడుకునేవాళ్లకు దానికంటే తక్కువ, మెడ వంపు నిండితే చాలు. రెండు దిండ్లు పేర్చుకునేవాళ్లు రాత్రంతా ఫోను చూస్తున్నట్టే.

ఇక్కడ మా అమ్మమ్మకు కొంత న్యాయం చేయాలి. ఆమెది బూరుగు దూది దిండు. నెలల తరబడి తల కింద నలిగి గట్టిపడ్డ దూది ఎండలో పొంగి, ఆ రాత్రికి ఎత్తు మారేది. ఆమె నేరస్తుణ్ణి సరిగ్గానే పట్టుకుంది.

సరే, దిండ్లు ముందుకు తీసుకురండి. ఎవరి దిండు మీద వాళ్లు ఈ చాప మీద పక్కకు తిరిగి పడుకుంటే, మీ ముక్కు, గడ్డం, ఛాతీ మధ్యభాగం ఒకే గీతలో ఉన్నాయో లేదో పక్కవాళ్లు చూసి చెబుతారు. ఎత్తు తగ్గితే తువ్వాలు మడిచి గలీబు లోపల పెడదాం, ఎక్కువైతే దూది తీసేద్దాం. ఆ పూల గలీబు దిండు ఎవరిది? రండి, మీతోనే మొదలుపెడదాం.